సీట్లు పెరిగాయి... మాస్టార్లో?

*2008కి ముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక్క విశ్వవిద్యాలయం కూడా లేదు. ఇప్పుడు ఒక్క ఎచ్చెర్ల మండలంలోనే రెండు పెద్ద ప్రాంగణాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల సందడి, ట్రిపుల్ ఐటీ ప్రవేశాల హడావుడి నడుమ ఉత్తరాంధ్ర ఇళ్లలో ఒకటే చర్చ. ఇంత వేగంగా పెరిగిన పెద్ద చదువులో సారం ఎంత?*

ఆదివారం. అరసవల్లిలో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇంద్రపుష్కరిణిలో మునిగి లేచినవాళ్లు తడిబట్టలతోనే తూర్పుకు తిరిగి దండం పెడుతున్నారు. దర్శనం క్యూలో ఓ తల్లీ కూతురూ. తల్లి చేతిలో కొబ్బరికాయ, కూతురి చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో పదో తరగతి మార్కుల మెమో, కులధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్, ట్రిపుల్ ఐటీ ఎంపిక కాగితం. ఆ కాగితాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టించాలని అంత పొద్దున్నే బయల్దేరి వచ్చారు. తండ్రి హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు.

"మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినోల్లు లేరు బాబూ. దేముడి దయ, ఎచ్చెర్లలోనే సీటొచ్చినాది. ఆదోరం ఆదోరం ఎల్లి సూసొచ్చీయొచ్చు" అంది తల్లి. పిల్ల ఆలోచన వేరే. బళ్లో పాఠాలన్నీ తెలుగులోనే విన్నదట. "అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే చెప్తారంట కదండీ? అర్థం కాకపోతే మళ్లీ అడగనిస్తారా?"

మన విశ్వవిద్యాలయాల గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదే. అర్థం కానప్పుడు మళ్లీ అడగడానికి అక్కడ ఓ మాస్టారు ఉంటారా? ఆయనకు ఆ పిల్ల పేరు తెలుస్తుందా? వచ్చే ఏడాదీ ఆయనే అక్కడ ఉంటారా?

పద్నాలుగేళ్లలో ఐదు గుమ్మాలు

ఒకప్పుడు శ్రీకాకుళం కుర్రాడు ఎమ్మెస్సీ చేయాలంటే విశాఖపట్నం బండెక్కాలి. అక్కడ గది అద్దె, మెస్ ఖర్చు భరించలేనివారికి 1977లో ఎచ్చెర్లలో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రమే దిక్కు. ఆ కేంద్రమే 2008లో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైంది. జిల్లాలోని డిగ్రీ కాలేజీల పరీక్షలు, పట్టాల బాధ్యత దాని చేతికి వచ్చింది.

ఆ తర్వాత వరుస కట్టాయి. 2016లో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ, 2017లో విజయనగరం జిల్లాలో సెంచూరియన్ ప్రైవేటు విశ్వవిద్యాలయం, 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చాయి. 2007 నుంచి విజయనగరంలో నడుస్తున్న జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2022లో గురజాడ పేరుతో సొంత విశ్వవిద్యాలయంగా మారింది. అంటే 2008 నుంచి 2022 దాకా, పద్నాలుగేళ్లలో ఐదు గుమ్మాలు తెరుచుకున్నాయి.

దీన్ని తక్కువ చేసి మాట్లాడితే తప్పవుతుంది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరంలో 58.89 శాతం. అమ్మానాన్నలు చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళితే పిల్లలు ముసలివాళ్ల దగ్గరో హాస్టల్లోనో పెరిగే నేల ఇది. విశాఖ దాకా ఆడపిల్లను పంపడానికి జంకే ఇంటివాళ్లు ఎచ్చెర్ల అంటే సరే అంటారు. దగ్గరలో యూనివర్సిటీ ఉందన్న ఒక్క కారణంతో పెళ్లి వాయిదా పడిన అమ్మాయిలు ఈ ప్రాంతంలో ఎంతోమంది ఉన్నారు. గుమ్మాలు తెరవడం ఈ జిల్లాలకు ఆలస్యంగా దక్కిన న్యాయం.

గుమ్మం దాటాక లోపల ఏముందన్నదే ఆలోచించాలి. గిరిజన విశ్వవిద్యాలయంలో 2019లోనే తరగతులు మొదలయ్యాయి. అవి నడిచింది విజయనగరం దగ్గర కొండకరకాంలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత పీజీ ప్రాంగణంలో. శాశ్వత భవనాలకు శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టులో. ముందు పిల్లలు వస్తారు, తర్వాత ఎప్పటికో భవనాలు వస్తాయి, ఆఖరున మాస్టార్లు వస్తారు. మన దగ్గర విశ్వవిద్యాలయాలు పెరిగే వరస ఇదే. నాణ్యతకు మొదటి దెబ్బ ఈ వరసలోనే తగులుతోంది.

నూరేళ్ల కిందటి లెక్క

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టింది. నాలుగేళ్లకు వాల్తేరు కొండల మీదికి చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్. అప్పటికి పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే ముఖ్యమైన పనిగా ఉన్న సంస్థలో ఆయన ఆనర్స్ శాఖలు తెరిపించి, మంచి అధ్యాపకులను వెతికి మరీ తెచ్చారు. ఆ తర్వాతి తరంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గణితం చదివింది అక్కడే.

పెద్దవాళ్లు 'మా రోజుల్లో చదువే చదువు' అన్నప్పుడు వాళ్ల కళ్లముందు మెదిలేవి ఆ తరగతులే. విజయనగరంలో గురజాడ చదివి, పాఠం చెప్పిన మహారాజా కళాశాలకూ అలాంటి పేరే ఉంది. పదిహేను ఇరవై మంది పిల్లలు, ఒక్కొక్కరి ఇంటిపేరూ తెలిసిన గురువు. ఆ చదువు గొప్పదే, కాదనలేం. కానీ ఆ గదుల్లో జాలరి బిడ్డ లేదు, సవర బిడ్డ లేదు, ఆడపిల్లలు లేరనే చెప్పాలి. నూటికి తొంభై తొమ్మిది మందిని బయట నిలబెట్టి సాధించిన నాణ్యతను ఈనాటి రద్దీ తరగతితో పోల్చి పెదవి విరవడం న్యాయం కాదు. ఆ గురువు పిల్లవాడికి ఇచ్చిన సమయం మాత్రం ఈనాటి పిల్లలకూ దక్కాలి. పోల్చాల్సింది ఆ ఒక్క విషయంలోనే.

రద్దీ పెరిగితే ఆ సమయం దక్కదన్న ప్రమాదం రాధాకృష్ణన్‌కు ముందే కనిపించింది. వాల్తేరు వదిలిన పన్నెండేళ్లకు, 1948లో, స్వతంత్ర భారతదేశపు తొలి విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి ఆయనే అధ్యక్షుడయ్యారు. చదువు అందరికీ అందాలని చెబుతూనే, ఒక్కోచోట ఎంతమందిని చేర్చుకోవచ్చో ఆ నివేదిక గట్టిగా హద్దు గీసింది.

▌బాక్స్: హద్దులు గీసిన అంకెలు

3,000 — బోధనా విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్, సైన్స్ విభాగాల్లో ఇంతకు మించి విద్యార్థులు ఉండకూడదని రాధాకృష్ణన్ సంఘం (1948-49) సిఫారసు.

1,500 — అనుబంధ కాలేజీకి అదే సంఘం పెట్టిన పరిమితి.

10 శాతం — మొత్తం అధ్యాపక పోస్టుల్లో కాంట్రాక్టు నియామకాలు ఇంతకు మించరాదని యూజీసీ 2018 నిబంధన.

1:15 నుంచి 1:20 — ఇంజినీరింగ్‌లో ఒక అధ్యాపకుడికి ఉండే విద్యార్థుల లెక్కను ఏఐసీటీఈ 2018-19 నుంచి సడలించిన తీరు.

28.4 శాతం — 2021-22 కేంద్ర సర్వే ప్రకారం దేశంలో 18-23 ఏళ్లవారిలో ఉన్నత విద్యలో చేరికల నిష్పత్తి. 2035 నాటికి దీన్ని 50కి చేర్చాలన్నది జాతీయ విద్యావిధానం లక్ష్యం.

ట్రిపుల్ ఐటీ పరుగు

తెలుగు నేల మీద ఒక విశ్వవిద్యాలయం వేగంగా పెరిగితే ఏమవుతుందో చూడాలంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం కథ చెప్పుకోవాలి. అందరి నోటా అది ట్రిపుల్ ఐటీ. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒకేసారి మొదలైంది. ప్రాంగణానికి రెండు వేల మంది చొప్పున తొలి ఏడాదే ఆరు వేల మంది. పదో తరగతి అవగానే తీసుకుని, రెండేళ్లు ఇంటర్ స్థాయి, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించాలన్నది పథకం. సర్కారు బడి పిల్లలకు ప్రవేశాల్లో అదనపు పాయింట్లు. తొలి కులపతి, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి. ప్రతి పిల్లవాడి చేతిలో ల్యాప్‌టాప్ పెడితే, మంచి పాఠాలు అందులోకి చేరిస్తే, పల్లె పిల్లలు ఎవరికీ తీసిపోరని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం వమ్ము కాలేదు. వరికోతలకు వెళ్లే అమ్మానాన్నల పిల్లలు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోకి, సివిల్ సర్వీసుల్లోకి, విదేశీ విశ్వవిద్యాలయాల్లోకి వెళ్లారు. ఇంత తక్కువ కాలంలో ఇంతమంది పేదింటి పిల్లలకు ఇంతగా దారి చూపిన సంస్థ మన దగ్గర మరొకటి ఉందని నేననుకోను. అందుకే దాని లోపాల గురించి గట్టిగా మాట్లాడాలి.

2014లో రాష్ట్రం విడిపోయి బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు వచ్చి చేరాయి. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ అన్న పేరు వచ్చింది గానీ సొంత చోటు రాలేదు. తొలి బ్యాచ్ పిల్లలు సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని నూజివీడులో చదువు మొదలుపెట్టారు. తర్వాత ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో, వేరే అవసరానికి కట్టిన గురుకులం భవనాల్లోకి ప్రాంగణం వచ్చింది. ఏటా ప్రాంగణానికి వెయ్యి మంది అనుకున్నా, ఆరేళ్ల కోర్సు కాబట్టి నాలుగు చోట్లా కలిపి 24 వేల మంది. అందరూ హాస్టల్లోనే. వీళ్లందరికీ మూడు పూటలా వండాలి, నీళ్లివ్వాలి, జ్వరమొస్తే చూడాలి, చదువు చెప్పాలి.

పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులే. విద్యార్థుల సంఖ్య వేలల్లోకి చేరినంత వేగంగా పర్మినెంట్ అధ్యాపకుల నియామకాలు జరగలేదు. ఇది ఎంతదాకా వెళ్లిందో 2022 జూన్‌లో బాసర విద్యార్థులు లోకానికి చూపించారు. వేలమంది పిల్లలు తరగతులు మానేసి, ఎండకూ వానకూ తాళి, వారం రోజులపాటు శాంతంగా బైఠాయించారు. వాళ్లు పెట్టిన డిమాండ్లు పన్నెండు. పూర్తికాల ఉపకులపతి కావాలి, అధ్యాపకులను నియమించాలి, లైబ్రరీ బాగుచేయాలి, హాస్టళ్లూ తిండీ సరిచేయాలి. పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు తమకు మాస్టార్లు కావాలని రోడ్డెక్కారు. సెలవులు కావాలనో పరీక్షలు వాయిదా వేయాలనో వాళ్లు అడగలేదు. చదువు మీద అంత ఆకలితో వచ్చిన పిల్లలకు మనం ఏం వడ్డిస్తున్నామో తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

2024 ఆగస్టులో నూజివీడులో వందలాది మంది విద్యార్థులు తిండి వికటించి అస్వస్థులయ్యారు. వేలమందికి ఒకేచోట వండిపెట్టడం ఓ పరిశ్రమ నడపడంతో సమానం. కడుపు నొప్పితో పడుకున్న పిల్లకు మర్నాడు కాలిక్యులస్ ఎక్కదు. నాణ్యత లెక్క వంటగది నుంచే మొదలవుతుంది.

బ్యూరెట్ ఎవరి చేతిలో?

నాణ్యత అనగానే గ్రేడులు, ర్యాంకులు గుర్తొస్తాయి. వాటిని పక్కనపెట్టి ఓ కెమిస్ట్రీ ల్యాబులోకి రండి.

టైట్రేషన్ ప్రయోగం. బ్యూరెట్‌లో యాసిడ్, కింద శంఖాకార ఫ్లాస్కులో క్షారం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. గులాబీ రంగు విరిగే ఆ ఒక్క చుక్కను పట్టుకోవడం నేర్చుకోవాలి. అది పుస్తకం చదివితే రాదు. వేలు స్టాప్‌కాక్ మీద ఉండాలి, కన్ను రంగు మీద ఉండాలి. నాలుగైదుసార్లు దాటిపోయాక గానీ చేతికి అందదు. ఇరవై మంది బ్యాచ్‌లో ప్రతివాళ్లకూ ఒక బ్యూరెట్, పక్కన నిలబడి "మెల్లగా అమ్మా, చుక్క చుక్కగా" అని చెప్పే మాస్టారు ఉంటారు. బ్యాచ్ అరవై అయిందనుకోండి. ఒక్కో బ్యూరెట్ చుట్టూ పిల్లలు గుమిగూడతారు. చొరవ ఉన్నవాడు స్టాప్‌కాక్ తిప్పుతాడు, రెండోవాడు రీడింగ్ చెబుతాడు, తక్కినవాళ్లు రాసుకుంటారు. వెనకాల నిలబడ్డ పిల్లకు రంగు మారడం కూడా కనిపించదు. రికార్డు మాత్రం అందరిదీ నిండుతుంది. ఆ రికార్డు మీద పడే ఎర్రసిరా సంతకం అందరికీ ఒకటే.

మార్కుల జాబితా చూస్తే ఏ తేడా తెలియదు. మూడేళ్ల తర్వాత పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు బయటపడుతుంది. వాళ్లు సర్టిఫికెట్ చూసి కూర్చోబెట్టరు, పిపెట్ చేతికిచ్చి చేసి చూపించమంటారు. ఎచ్చెర్ల నుంచి రహదారి మీద కాస్త దూరంలోనే ఉన్న ఫ్యాక్టరీలో స్థానిక కుర్రాడికి ఉద్యోగం రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులదీ ఇదే కథ. అనుబంధ కాలేజీలు పెరిగేకొద్దీ జవాబు పత్రాల కట్టలు పెరుగుతాయి. ఫలితాలు ఫలానా తేదీకి ఇవ్వాలి. పిల్ల మూడు గంటలు కూర్చుని రాసిన పేపరుకు దొరికేది కొద్ది నిమిషాలు. అంత తొందరలో ఆలోచించి రాసిన జవాబుకూ, గైడు చూసి బట్టీ పట్టిన జవాబుకూ తేడా పట్టడం ఎంత నిజాయితీపరుడికైనా కష్టమే. బట్టీకి మార్కులు పడుతున్నాయని పిల్లలకు తెలిసిపోతే, తర్వాతి బ్యాచ్ ఆలోచించడం మానేస్తుంది.

ఖాళీ కుర్చీలు

2023 అక్టోబరులో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి ప్రకటనలు వచ్చాయి. 418 ప్రొఫెసర్లు, 801 అసోసియేట్ ప్రొఫెసర్లు, 2,001 అసిస్టెంట్ ప్రొఫెసర్లు. ఏళ్లుగా ఎదురుచూసిన నెట్, పీహెచ్‌డీ అభ్యర్థులు వేలకు వేలు ఫీజు కట్టి దరఖాస్తు చేసుకున్నారు. కోర్టు వ్యాజ్యాలతో అది ఆగిపోయింది. ఇన్నివేల కుర్చీలు ఖాళీగా ఉండగానే కొత్త కోర్సులు వచ్చాయి, నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది, డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది.

మరి పాఠాలు ఎవరు చెబుతున్నారు? గెస్ట్ ఫ్యాకల్టీ. వాళ్లలో చాలామంది చదువులో ఎవరికీ తీసిపోరు. పగలంతా పాఠం చెప్పి, రాత్రి పోటీ పరీక్షలకు చదువుకుంటారు. సెమిస్టరు అయిపోతే జీతం ఆగుతుంది, జూన్‌లో మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. ఇంటి అద్దె గురించి బెంగపడే మాస్టారు పిల్లలతో ఐదేళ్ల పరిశోధన ఎలా మొదలుపెడతాడు? తాను ఉంటాడో లేదో తెలియని చోట ల్యాబుకు కొత్త పరికరం కావాలని ఎవరితో పోట్లాడతాడు? ఆయన్ని తప్పుపట్టలేం. ఆయన్నలా వాడుకుంటున్న పద్ధతిని తప్పుపట్టాలి. పర్మినెంట్ అధ్యాపకుడి జీతం భారమని ప్రభుత్వాలు అనుకున్న ప్రతిసారీ, ఆ భారం మోసేది వెనక బెంచీలో కూర్చున్న తొలితరం విద్యార్థి.

▌బాక్స్: ఇంజినీరింగ్ వరద నేర్పిన పాఠం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఊపులో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. పెరుగుతున్న కాలేజీల భారం మోయలేక 1972 నాటి జేఎన్‌టీయూను 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడదీశారు. కాకినాడ ఒక్కదానికే శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎనిమిది జిల్లాలు! ఒకే లెక్చరర్ పేరు రెండు మూడు కాలేజీల జాబితాల్లో కనిపించిన రోజులవి. 2014లో జేఎన్‌టీయూ హైదరాబాద్ తనిఖీలు చేసి 170కి పైగా కాలేజీలకు అనుబంధ గుర్తింపు నిరాకరించింది. ఐఐటీల్లోనూ అదే 2008 నుంచి ఓబీసీ కోటా కోసం మూడేళ్లలో 54 శాతం సీట్లు పెంచారు. అక్కడ పెంపుతోపాటే కేంద్రం నిధులూ ఇచ్చింది.

న్యూయార్క్‌లో ఓ టీచరమ్మ

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం, హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచింది. పైగా ఫీజు లేదు. ముందటేడు ఇరవై వేలున్న కొత్త విద్యార్థులు ఒక్కసారిగా ముప్పై ఐదు వేలయ్యారు. నల్లజాతి పిల్లలు, ప్యూర్టోరికన్ పిల్లలు, కూలీల పిల్లలు. ఒక్క వాక్యం తప్పు లేకుండా రాయలేనివాళ్లకు యూనివర్సిటీ ఎందుకని పత్రికలు ఈసడించాయి.

మినా షాఘ్నెస్సీ అనే అధ్యాపకురాలు మాత్రం ఆ పిల్లలు రాసిన నాలుగు వేల వ్యాసాలు ముందేసుకుని కూర్చున్నారు. ప్రతి తప్పునూ పట్టి చూశారు. అవి తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావు, ప్రతి తప్పు వెనకా పిల్లలదైన ఒక తర్కం ఉందని తేల్చారు. అది అర్థం చేసుకుంటే ఎలా నేర్పాలో తెలుస్తుందని 1977లో పుస్తకం రాశారు. కాలేజీల్లో చదువు చెప్పే తీరునే ఆ పుస్తకం మార్చింది. కానీ ఈలోగా నగరం దివాలా అంచుకు చేరింది. 1976లో ఫీజులు పెట్టారు, అధ్యాపకులను వేలల్లో తీసేశారు. పిల్లలు మారలేదు, వాళ్ల తెలివీ తగ్గలేదు. నేర్పేవాళ్లే లేకుండాపోయారు.

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు పాఠం ముందు బిక్కమొహం వేసే మన పిల్లల తప్పులను అలా ముందేసుకుని కూర్చునే మాస్టార్లు మనకూ ఉన్నారు. క్లాసు అయ్యాక వరండాలో నిలబడి, అదే లెక్కను తెలుగులో మళ్లీ చెప్పే గెస్ట్ లెక్చరర్లు ఉన్నారు. వాళ్ల టైంటేబుల్లో ఆ అరగంటకు చోటు లేదు, జీతమూ లేదు. మొదటి ఏడాది పిల్లలకు ఆ అరగంటే ప్రాణాధారం. దాన్ని పీరియడ్‌గా గుర్తించి, చెప్పినందుకు డబ్బిస్తే, కొత్త భవనం కట్టడం కన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువమంది పిల్లలు నిలబడతారు. ఈ పని చేయడానికి ఏ కమిషనూ అక్కర్లేదు, వచ్చే సెమిస్టరు నుంచే మొదలుపెట్టొచ్చు.

చేర్చే ముందు అడగండి

ప్రవేశాల రోజుల్లో తల్లిదండ్రులు అడిగేవి సాధారణంగా మూడే. ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, ప్లేస్‌మెంట్ ఎలా ఉంది. మరికొన్ని కలపండి. మా పిల్ల చేరే శాఖలో పర్మినెంట్ అధ్యాపకులు ఎంతమంది? మొదటి ఏడాది పాఠాలు ఎవరు చెబుతారు? ల్యాబు బ్యాచ్‌లో ఎంతమంది? వెనకబడ్డవాళ్లకు విడిగా తరగతులున్నాయా?

అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న ప్రతి కాలేజీ అధ్యాపకుల పేర్లు, అర్హతలు, ల్యాబుల వివరాలు తన వెబ్‌సైట్లో తప్పనిసరిగా పెట్టాలి. అక్కడున్న పేర్లు రాసుకుని, కాలేజీకి వెళ్లినప్పుడు ఆ సార్లు, మేడమ్‌లు నిజంగా ఉన్నారో లేదో కనుక్కోండి. విశ్వవిద్యాలయాలు కూడా ఏటా సీట్ల ప్రకటనతోపాటు ఏ శాఖలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో అదే కాగితం మీద అచ్చువేయాలని శ్రీకాకుళం, విజయనగరం ఎమ్మెల్యేలను, ఎంపీలను నిలదీయండి. వీళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఆ ప్రాంగణాల్లో శిలాఫలకం ఆవిష్కరించడానికి వస్తూనే ఉంటారు.